తుంటి ఎముక, చివరి ఆయకట్టు

“తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలినవట” అనే సామెత తెలియని తెలుగువారుండరు. పొంతన లేని కార్యకారణాలను ఎద్దేవా చేయడానికి దానిని వాడుతాము. తరగతి గదిలో నేనూ దశాబ్దాల తరబడి ఆ అర్థమే చెప్పాను. అయితే పదవీ విరమణ అనంతరం తీరిక చిక్కి ఎముకల వైద్యచరిత్ర చదువుతూ ఉండగా, ఆ సామెతకు చుట్టమనదగిన సత్యమొకటి మన శరీరంలోనే ఉన్నదని తెలిసింది. తుంటికీలులో జబ్బు మొదలైన పిల్లవాడు చాలాసార్లు తుంటిని చూపడు, మోకాలిని చూపుతాడు. ఈ రెండు కీళ్ళనుండి నొప్పిని మోసుకుపోయే నాడులలో కొన్ని ఉమ్మడివి కావడమే దీనికి కారణం. దెబ్బ ఒకచోట, బాధ మరొకచోట.

బ్లాగ్మిత్రులలో వైద్యులూ ఉన్నారు. వారికిది కొత్త సంగతి కాదు. నేను వైద్యుడను కాను, తెలుగు పండితుడను. కాని నా ఉద్యోగమంతా నల్లగొండ, పాలమూరు పల్లెలలో గడిచింది. కుంటుతూ బడికి వచ్చే పిల్లలను ప్రతియేటా చూసినవాడిని. తుంటి ఎముకను శస్త్రంతో సరిదిద్దేటప్పుడు దానికి అందే నెత్తురును కాపాడడం మనిషి ఎట్లా నేర్చుకున్నాడో, ఆ చరిత్రను మా నేల మీద నిలబడి చెప్పాలని ఈ టపా.

మొదట మా నేల సంగతి. నల్లగొండ పేరు వినగానే ఎవరికైనా ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు పాడవుతున్నవని మన తెలుగునాట తొలిసారిగా 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ప్రజలను పరీక్షించిన షార్ట్ మొదలైన వైద్యులు ప్రకటించారు. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అదే ఏడాది డిసెంబరు 10న నాగార్జునసాగరానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో మరొక సంగతి బయటపెట్టారు. ఈ ఫ్లోరైడ్ ప్రాంతంలోని ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు రెండూ లోపలికి ఒరుసుకునేట్లు కాళ్ళు వంగిపోతున్నవని, ఎముకలు గుల్లబారుతున్నవని దాని సారాంశం. జలాశయం వచ్చిన తరువాత భూగర్భజలం పైకి లేచి, నేలలోను జొన్నలోను రాగి, మాలిబ్డినం పాళ్ళు మారడం ఇందుకు తోడ్పడి ఉంటుందని ఆ సంస్థవారు తరువాత ఊహించారు. నీటికోసం కట్టిన ఆనకట్టకు ఎముకతో సంబంధమా అని అప్పుడూ కొందరికి మన సామెతే గుర్తుకు వచ్చి ఉంటుంది.

ఆ దశాబ్దంలోనే నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించారు. దానిని ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అంటారు. జిల్లాకు దక్కిన కీర్తి అట్లాంటిది! 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేయడం, బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడం, అదంతా నీటికోసం చేసిన నిరసన అని దేశానికి తెలియడం చాలామందికి జ్ఞాపకమే. 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో నిలిపినప్పుడు ఆ చోటును ఎందుకు ఎంచుకున్నారో మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఈ చరిత్రకు ఒక దుష్ఫలితం కూడా ఉన్నది. మా పల్లెలలో కాలు ఈడ్చే ప్రతి పిల్లవాడి జబ్బుకూ ‘నీళ్ళ జబ్బు’ అనే ఒకే పేరు స్థిరపడిపోయింది. దేవరకొండ వైపు ఒక బడిలో నేను పనిచేస్తున్న రోజులలో రెండవ తరగతి పిల్లవాడొకడు కుంటుతూ వచ్చేవాడు. మోకాలు నొప్పి అనేవాడు. వాళ్ళ నాయనమ్మ రోజూ మోకాలికి ఆముదం కాచి రాసేది. దవాఖానకు తీసుకపోరాదా అమ్మా అంటే, “గీ బాయి నీళ్ళు తాగినోళ్ళకు గిట్లనే అయితది సారూ, ఊరందరిదీ గదే కత” అన్నది. చివరికి పట్నం తీసుకువెళ్ళి ఎక్స్-రే తీయించేసరికి రెండేళ్ళు గడిచినవి. మోకాలు నిక్షేపంగా ఉన్నది. పాడైనది తుంటి. నెత్తురు అందక తొడ ఎముక తల కుంగిపోయిన జబ్బు అది. ఫ్లోరైడ్‌కు, దానికి సంబంధం లేదు.

ఈ రెంటికీ గల భేదం తెలుసుకోదగినది. ఫ్లోరైడ్ పట్టిన ఎముకలో నానాటికీ ఖనిజం పేరుకుంటుంది, కీళ్ళ బంధనాలు కూడా ఎముకగా మారి బిగుసుకుంటవి. ఎక్స్-రేలో ఎముక మరింత తెల్లగా కనబడుతుంది. నెత్తురు అందని ఎముక కూడా ఎక్స్-రేలో చుట్టుపక్కల ఎముకకంటే తెల్లగానే కనబడుతుంది, కాని కారణం వేరు. కదలిక తగ్గిన కాలిలోని బతికిన ఎముక కొంత కరిగి పలుచబడుతుంది. చచ్చిన భాగం కరగదు. ఎముక కరగడానికి కూడా నెత్తురే కావాలి. తెల్లగా ఉన్నదానినల్లా బలమనుకోరాదని ఈ రెండు జబ్బులూ చెబుతున్నవి.

ఇక తుంటి నిర్మాణానికి వస్తాను. సుశ్రుతుడు కీళ్ళను ఎనిమిది విధాలుగా విభజించాడు. అందులో తుంటి, భుజం వంటివాటిని ‘ఉలూఖల సంధులు’ అన్నాడు. ఉలూఖలమంటే రోలు. మన ఇళ్ళలోని రుబ్బురోలును, అందులో తిరిగే పొత్రాన్ని ఎరిగినవారికి ఇంతకంటే వివరణ అక్కరలేదు. కటి ఎముకలోని గుంట రోలు, తొడ ఎముక పైకొసనున్న బంతి వంటి తల పొత్రం. ఆ తలకు కింద సన్నని మెడ, దాని దిగువన బయటికి తాకే బుడిపె. విరిగిన ఎముకలను సుశ్రుతుడు కీలు తప్పినవి ఆరు విధాలని, మధ్యలో విరిగినవి పన్నెండు విధాలని లెక్కించాడు. తొడ, పిక్క విరిగినవారిని పలక మీద పడుకోబెట్టి, అయిదు మేకుల నడుమ అవయవాన్ని కదలకుండా నిలిపే ‘కపాటశయనం’ చెప్పాడు. సప్తధాతువుల వరుసలో రక్తం రెండవది, అస్థి అయిదవది. ముందున్న ధాతువు వెనుకదానిని పోషిస్తుందని సిద్ధాంతం. ఎముక తనంతట తాను బతకదని, దానికి వెనుకనుండి ఏదో అందుతూ ఉండాలని మన పూర్వులకు తోచింది. అందేది ఏ దారిన అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం రావడానికి చాలా కాలం పట్టింది.

1743లో విలియం హంటర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు కీలు చుట్టూ వలయంగా అల్లుకున్న రక్తనాళాలను వర్ణించాడు. 1822లో లండను శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్ ఎముకల విరుపులను గురించి పెద్ద గ్రంథం ప్రకటించాడు. వృద్ధులలో తొడ ఎముక మెడ, కీలు సంచి లోపల విరిగితే ఎందుకు అతకదన్న ప్రశ్న వేసుకుని, విరిగిన తలకు పోషణ తెగిపోవడమే కారణమని అందులో వాదించాడు. మన పల్లెల కట్టువైద్యుల అనుభవం కూడా దీనికి సాక్ష్యమే. ముంజేయి విరిగితే వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు తెల్లసొన పట్టించిన గుడ్డతో కడితే అతికిన సందర్భాలు ఎన్నో ఉన్నవి. అటువంటి చేతికి తుంటి మెడ మాత్రం లొంగలేదు. ముంజేతి ఎముకకు చుట్టూ కండ ఉన్నది, నెత్తురు నలుదిక్కులనుండి వస్తుంది. తుంటి తలకు ఆ భాగ్యం లేదు.

సాగునీటి పరిభాషలో చెబితే తుంటి తల చివరి ఆయకట్టు. తొడలోని పెద్ద ధమని నుండి చీలిన ఒక కొమ్మ, తొడ ఎముక మెడను లోపలి వైపు నుండి చుట్టి వెనుకకు వెళుతుంది. వైద్యులు దానిని మీడియల్ ఫిమొరల్ సర్కమ్‌ఫ్లెక్స్ ఆర్టరీ అంటారు. మనం లోచుట్టు ధమని అందాము. అది మెడ వెనుక పైకెక్కి, కీలు సంచిని తొలుచుకుని లోపలికి పోయి, మెడను అంటిపెట్టుకుని రెండుమూడు సన్నని పాయలుగా తలలోనికి దిగుతుంది. తలకు వెళ్ళే నెత్తురులో అత్యధిక భాగం ఈ పిల్లకాలువలదే. తలను రోలుకు కట్టివేసే గుండ్రని బంధనంలో ఇంకొక సన్నని ధమని ఉన్నది గాని దాని పారకం స్వల్పం. కాలువ చివరనున్న రైతు బాధ నల్లగొండ వారికి తెలుసు. ఎగువన ఎక్కడ గండి పడినా మొదట ఎండేది అతని మడే.

పిల్లలలో మరొక చిక్కు ఉన్నది. ఎముక ఎదగడానికి తలకు, మెడకు నడుమ మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. అది కట్టలాగా అడ్డం నిలిచి, మెడలోని నెత్తురును తలలోనికి పోనీయదు. ఎదుగుదల ముగిసి ఆ పలక ఎముకగా మారిన తరువాతగాని కట్ట తొలగదు. ఈ సంగతిని విశదం చేసినవాడు జోసెప్ త్రుయేటా. ఆయన బార్సిలోనా శస్త్రవైద్యుడు. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసిన 1939లో ఇంగ్లండుకు కాందిశీకుడుగా వెళ్ళి, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. మృతదేహాల రక్తనాళాలలో ఎక్స్-రేకు కనబడే ద్రవాన్ని ఎక్కించి, 1953లో హారిసన్‌తో కలిసి పెద్దల తుంటిని, 1957లో ఎదిగే పిల్లల తుంటిని గురించి పటాలు గీశాడు. సుమారు నాలుగేళ్ళ నుండి ఏడేళ్ళ వరకు తుంటి తలకు మెడ మీదుగా వచ్చే ఆ పాయలు తప్ప వేరే ఆధారం దాదాపు ఉండదని ఆయన తేల్చాడు.

నేను చెప్పిన పిల్లవాడికి వచ్చిన పెర్తెస్ జబ్బు ఎక్కువగా సోకేదీ ఇంచుమించు ఆ ఈడులోనే. 1910లో బోస్టన్‌లో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తెస్ ముగ్గురూ ఎవరికి వారుగా దీనిని వర్ణించారు. 1895లో ఎక్స్-రే కనుగొనక ముందు ఈ పిల్లలందరినీ తుంటి క్షయరోగులుగా లెక్కవేసేవారు. అక్కడ క్షయ, ఇక్కడ నీళ్ళ జబ్బు. పేరు తెలియని వ్యాధి పేరున్న వ్యాధి గొడుగు కిందికి చేరడం అన్ని దేశాలలోను జరిగినదే. పెర్తెస్‌లో నెత్తురు ఎందుకు ఆగుతుందో పూర్తిగా తేలలేదు. కాని ఆగిన నెత్తురు మళ్ళీ వస్తుంది. వచ్చి, చచ్చిన ఎముకను తొలగించి కొత్తది వేస్తుంది. ఆ నడిమి రెండుమూడేళ్ళు తల మెత్తగా, పచ్చికుండ వలె ఉంటుంది. రోలులో సరిగ్గా ఒదిగి ఉంటే గుండ్రంగానే గట్టిపడుతుంది, అంచుకు జారి ఉంటే నొక్కుపడి గట్టిపడుతుంది. అందుకే అవసరమైన పిల్లలకు తొడ ఎముకను మెడకు దిగువన కోసి, కోణం మార్చి, తలను రోలు లోపలికి ఒదిగిస్తారు. కోత మెడకు దిగువన పడడంలోనే విజ్ఞత ఉన్నది. పిల్లకాలువలు పారే చోటును కత్తి తాకదు. దక్షిణ భారతంలో ఈ జబ్బు తీరును, ఆ శస్త్రచికిత్సకు అనువైన సమయాన్ని మణిపాల్‌లో బెంజమిన్ జోసెఫ్ బృందం లోతుగా పరిశోధించింది. తల ముక్కలై కుంగకముందే చేస్తే మేలు ఎక్కువని వారి పరిశోధనల సారం. కాబట్టి ఆముదంతో గడిచిపోయే రెండేళ్ళ విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

నెత్తురు విలువ తెలియక చేసిన చికిత్సల చరిత్ర కూడా చెప్పుకోవాలి. పుట్టుకతోనే తుంటి తల రోలులో నిలవక పక్కకు తప్పి ఉండే పిల్లలుంటారు. వియన్నాలో ఆడాల్ఫ్ లోరెంజ్ అనే వైద్యుడు ఇటువంటివారికి చికిత్స చేసి జగత్ప్రసిద్ధుడయ్యాడు. శస్త్రచికిత్సలో వాడే కార్బాలిక్ ఆమ్లం చర్మానికి పడక ఆయన కత్తిని విడిచిపెట్టాడు. చేతులతోనే కాలిని లాగి, తిప్పి, ఎముకను రోలులో కూర్చోబెట్టేవాడు. కోత లేదు, నెత్తుటి చుక్క లేదు. 1902లో షికాగో మాంస వ్యాపారి ఆర్మర్ తన బిడ్డ లొలిటా కోసం ఆయనను అమెరికాకు పిలిపించాడు. పత్రికలు ఆయనను ‘నెత్తురు చిందించని శస్త్రవైద్యుడు’ అని కీర్తించాయి. జంతుప్రవర్తన శాస్త్రంలో 1973 నోబెల్ బహుమతి పంచుకున్న కాన్రాడ్ లోరెంజ్ ఈయన కుమారుడే.

ఆ చికిత్సలో కీలు కూర్చున్న తరువాత పిల్ల తొడలను కప్ప కాళ్ళ వలె రెండు పక్కలకు పూర్తిగా విప్పి, కట్టువేసి నెలల తరబడి ఉంచేవారు. నడవలేని పిల్లలెందరో దానివల్ల నడిచారు; ఆ పుణ్యం ఆయనది. కాని వారిలో పలువురికి తుంటి తల ఎదగక, కుంగి, యౌవనం నాటికే కీలు అరిగిపోయింది. అంతగా విప్పినప్పుడు లోచుట్టు ధమని, దాని పాయలు నలిగి, నెత్తురు ఆగిపోవడమే కారణమని క్రమంగా తెలిసింది. బయటికి నెత్తురు చిందలేదు, లోపల ఎముకకు నెత్తురు అందలేదు! 1969లో టొరంటోకు చెందిన రాబర్ట్ సాల్టర్ తన సహచరులతో కలిసి ఈ ఎముక మరణాన్ని ‘చికిత్స వల్ల వచ్చే ఉపద్రవం’ అని నిర్ద్వంద్వంగా రాశాడు. తుంటిని బాగా ముడిచి, పక్కకు మాత్రం మితంగా విప్పే భంగిమను బోధించాడు. అంతకు ముందే, 1961లో, ఆయన మరొక దారి చూపాడు. తల జోలికి పోకుండా, రోలుకు పైన కటి ఎముకను కోసి, రోలునే తల మీదికి వంచడం ఆ పద్ధతి. ఆ కటి ఎముక కోత నేటికీ ఆయన పేరుతోనే సాగుతున్నది.

ఇక్కడ మన తల్లులను ఒకసారి స్మరించాలి. పసిబిడ్డను కాళ్ళు చాపించి బిగుతుగా గుడ్డ చుట్టే దేశాలలో తుంటి తప్పడం ఎక్కువ. మనవారు బిడ్డను చంకనెత్తుకుంటారు. బిడ్డ తల్లి నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసి, తొడలు ముడిచి, మితంగా విప్పి కూర్చుంటుంది. సాల్టర్ బోధించిన భంగిమకు ఇది చాలా దగ్గర. పాలమూరు నుండి మట్టిపనికి వలసపోయిన తల్లి బిడ్డను చంకనేసుకుని నడిచేటప్పుడు ఈ శాస్త్రం ఆమెకు తెలియదు, ఆ మేలు మాత్రం బిడ్డకు అందుతుంది.

శస్త్రచికిత్సలో నెత్తురును కాపాడే విద్య పరిపూర్ణ రూపం దాల్చింది స్విట్జర్లాండు రాజధాని బెర్న్‌లో. రైన్‌హోల్డ్ గాంజ్ అనే వైద్యుడు 1984లో మొదలుపెట్టి, 1988లో సహచరులతో ప్రకటించిన పద్ధతిలో, రోలు చుట్టూ ఎముకను కోసి, రోలును మొత్తంగా తిప్పి తలకు నీడగా అమర్చుతారు. లోతు చాలని రోలు గల యువతీ యువకుల కోసం ఇది. అంతకుముందు కొందరు కీలుకు మరీ దగ్గరగా గుండ్రంగా కోసేవారు. కోసిన ముక్కకు కీలు సంచి ద్వారా వచ్చే నెత్తురే దిక్కయ్యేది, సంచిని తెరిస్తే ముక్క చనిపోయే ప్రమాదముండేది. గాంజ్ కోతలో పిరుదు వైపునుండి, ముందువైపునుండి ఆ ముక్కకు వచ్చే ధమనులు ముక్కతోనే ఉంటవి. కటి వెనుక స్తంభం తెగదు కనుక బరువు మోసే బలమూ పోదు. పెద్ద చెట్టును మరొకచోట నాటేవాడు వేరుమట్టితో సహా పెకలించినట్లన్నమాట.

అది రోలు సంగతి. పొత్రాన్ని చూడాలంటే దానిని రోలునుండి బయటికి తీయాలి. తీస్తే నెత్తురు తెగి తల చస్తుందన్నది తరతరాల భయం. ఈ భయాన్ని పోగొట్టింది ఓపికతో చేసిన శరీర పరీక్ష. 2000 సంవత్సరంలో గోటియే, గాంజ్ మొదలైనవారు 24 తుంటికీళ్ళను కోసి, లోచుట్టు ధమని పోయే దారిని అడుగడుగునా రాశారు. ఆ ధమని ఒక చిన్న కండర స్నాయువుకు వెనుకగా సాగుతుంది. ఆ కండరం పేరు ఆబ్ట్యురేటర్ ఎక్స్‌టర్నస్. అది తెగనంత కాలం, తల బయటికి వచ్చినా ధమని సాగి చిరిగిపోదు. ఊరి చెరువు నీరు ఏ తూము ద్వారా ఏ మడికి పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగల నీరటికాడికి ఉండే ఎరుక వంటిది ఇది. దానిని ఆధారం చేసుకుని, బయటి బుడిపెను కండరాలతో సహా పలుచగా కోసి ముందుకు జరిపి, కీలు సంచిని ముందువైపు నుండి తెరిచి, తలను బయటికి తీసే పద్ధతిని గాంజ్ బృందం 2001లో ప్రకటించింది. ఏడేళ్ళలో 213 తుంటికీళ్ళకు అట్లా చేస్తే, ఒక్క తల కూడా నెత్తురు లేక చావలేదని వారి నివేదిక.

నమ్మకం ఒకటి, నిదర్శనం మరొకటి. బయటికి తీసిన తలకు నెత్తురు అందుతున్నదో లేదో అప్పటికప్పుడు చూడాలి. రెండు మిల్లీమీటర్ల సన్నని తొలుపు వేస్తే, బతికిన ఎముకైతే ఎర్రటి నెత్తురు ఊరుతుంది. లేజర్ కాంతితో రక్తప్రసారాన్ని కొలిచే పరికరాన్ని తలకు అమర్చి, కాలును తిప్పే ప్రతి భంగిమలోను ప్రసారం ఎట్లా మారుతున్నదో నోట్జ్‌లీ మొదలైన బెర్న్ వైద్యులు 2002లో చూపారు. పదమూడు పద్నాలుగేళ్ళ ఈడు పిల్లలలో, ఎదుగుదల పలక వద్ద తల మెడ మీదినుండి జారిపోయే జబ్బు ఒకటి ఉన్నది. దీనిలోనూ పలువురు మోకాలినే చూపుతారు. ఆ జారిన తలను తిరిగి నిలిపేటప్పుడు ఇప్పుడు మెడ మీది పొరను, అందులోని పాయలతో సహా, చెట్టు బెరడు ఒలిచినట్లు మెల్లగా విడదీసి, ముందు దానిని భద్రపరచి, ఆ తరువాతే ఎముకను కదుపుతారు. అంత జాగ్రత్త పడినా కొన్ని తలలు దక్కవు. అది తీవ్రమైన జబ్బు.

లోరెంజ్ నుండి గాంజ్ వరకు సుమారు నూరేళ్ళు. ఈ నూరేళ్ళలో శస్త్రవైద్యుడు నేర్చుకున్నది ఎక్కువగా కోయడం కాదు, ఎక్కడ కోయరాదో తెలుసుకోవడం. వ్యాకరణం చదివిన వాడిని కనుక నాకు సంధికార్యం గుర్తుకు వస్తుంది. ఎక్కడ సంధి చేయాలో చెప్పే సూత్రాల పక్కనే ఎక్కడ చేయరాదో చెప్పే నిషేధాలు ఉంటవి. నిషేధం తెలియనివాడు చేసిన సంధి అపశబ్దమవుతుంది. ఎముకల సంధిలో అయితే ఒక పిల్లవాడి నడక పోతుంది.

1962 నుండి జాన్ చార్న్‌లీ ప్రచారంలోనికి తెచ్చిన కృత్రిమ తుంటి ఉండగా ఇంత శ్రమ ఎందుకని కొందరడగవచ్చు. అరిగిన కీలు తీసి లోహపు కీలు పెట్టడం అరవయ్యేళ్ళవారికి వరం. ఏడేళ్ళవాడికి అది దారి కాదు. ఎదిగే ఎముకకు దాని సొంత తలే కావాలి. మా జిల్లాలలో చాలామంది బతుకు మట్టిపని, నాట్లు, బరువులు మోయడం మీద నడుస్తుంది. గొంతుక్కూర్చోకుండా, ఇంటి ముందు ముగ్గు కూడా వేయకుండా గడిచే జీవితం కాదది. తుంటిని కాపాడడమంటే వారికి కూలి కాపాడడమే.

వసతులు మునుపటికంటే దగ్గరయ్యాయి. ఒకప్పుడు ఎముకల జబ్బంటే పట్నంలోని నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ఒక్కటే అందరికీ తోచేది. అదే తరువాత నిమ్స్‌గా ఎదిగింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బెర్న్ పద్ధతి తెలిసిన వైద్యులు మన దేశంలోనూ ఉన్నారు. ఇప్పుడు దూరంగా ఉన్నది ఆసుపత్రి కాదు, అనుమానం. మోకాలు నొప్పి అన్న పిల్లవాడి తుంటిని చూడాలనే ఆలోచన.

కనుక పల్లెలోని ఉపాధ్యాయులకు, తాతలకు, అమ్మమ్మలకు నా విన్నపం ఇది. పిల్లవాడు కుంటినా, ఆటలో వెనుకబడినా, మోకాలు లేదా తొడ నొప్పి అన్నా, అది వారంలో తగ్గకపోతే నూనె రాస్తూ కూర్చోకండి, గుంజి తిప్పి కట్టు కట్టించకండి. జ్వరం కూడా ఉన్నా, అడుగు మోపలేకపోయినా ఆ రోజే తీసుకుపోవాలి. ఎముకల వైద్యుడికి చూపి, తుంటి ఎక్స్-రే కూడా అవసరమా అని అడగండి. బావినీటి మీదికి నెట్టేయకండి. మా నీటికి దాని పాపం దానికి చాలినంత ఉన్నది, చేయని పాపం కూడా దాని నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

చివరగా ఒక కోరిక. తుంటికి మావైపు ‘చప్ప’ అనే మాట కూడా పెద్దల నోట విన్నాను. మీ మీ ప్రాంతాలలో తుంటికి, తొడ మొదలుకు, కాలు ఈడ్చే నడకకు ఏయే మాటలున్నవో వ్యాఖ్యలలో రాయండి. పల్లె అవ్వ వైద్యుడితో చెప్పే మాట ఏదో తెలిస్తే, వైద్యుడు సరైన చోట చేయి వేయగలడు.

స్వస్తి.